ఎఱ్ఱమట్టిపై జంట ఆట

టెన్నిసు ఆటను రేడియోలో వినిపించుట కష్టము. అందును ఇరువైపుల ఇద్దఱేసి నిలిచి ఆడు డబుల్సును వినిపించుట మఱింత కష్టము. బంతి వల దాటెనని వ్యాఖ్యాత చెప్పులోపల అది రెండు మాఱులు తిరిగి వచ్చి యుండును. అందుచేత వ్యాఖ్యాతలు సింగిల్సునే కోరుకొందురు. అయినను ఏటేట మే మాసాంతమున పారిస్ పోటీలు మొదలగునప్పటికి శ్రోతలలో కొందఱు మమ్ము అడుగు ప్రశ్న డబుల్సును గూర్చినదే. హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా 2015లో వింబుల్డన్‌లోను, న్యూయార్కులోను, 2016లో మెల్బోర్నులోను స్త్రీల డబుల్సు గెలిచెను గదా. 2023లో ఆట విరమించు వఱకును పారిస్‌లో మాత్రము ఆ కప్పు ఆమెకు ఏల దక్కలేదు? సమాధానము కొంత మట్టిలో ఉన్నది, కొంత జంటలో ఉన్నది.

ముందు మట్టి సంగతి. ఈ పోటీలు జరుగు క్రీడాస్థలమునకు రోలాండ్ గారోస్ అని పేరు. ఆ పేరుగలవాడు ఖ్యాతి గడించినది టెన్నిసులో కాదు. 1913లో విమానముపై మధ్యధరా సముద్రమును ఎక్కడను దిగకుండ దాటి, 1918లో యుద్ధమున మరణించిన వైమానికుడు. 1928లో కట్టిన క్రీడాస్థలమునకు ఆయన పేరు పెట్టిరి. అచటి కోర్టును ఎఱ్ఱమట్టి కోర్టని అనుచున్నాము గాని పైన కనిపించునది మట్టి కాదు, ఇటుకపొడి. మన మేస్త్రీలు సున్నములో కలుపు సుర్కీకి దగ్గఱి చుట్టము. అడుగున రాళ్లు, వానిపై కంకర, ఆపైన కాలిన బొగ్గు చిట్టెము, ఆపైన తెల్లని సున్నపురాతి పొర. అన్నిటికిని మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున ఎఱ్ఱని పొడి. 1880 ప్రాంతమున ఇంగ్లండు నుండి వచ్చిన రెన్షా సోదరులు దక్షిణ ఫ్రాన్సులోని కాన్ నగరమున ఎండకు మాడిపోవుచున్న గడ్డి కోర్టులను కాపాడుటకై, సమీపమున కుండలు చేయు ఊరి నుండి పెంకుల పొడి తెప్పించి చల్లించిరని చెప్పుదురు. అనగా గడ్డిని ఎండ బారి నుండి తప్పించుటకు వేసిన పొడియే తుదకు గడ్డిని తొలగించి తానే కోర్టయినది.

ఈ పొడిపై పడిన బంతిని నేల ఒక్క క్షణము పట్టుకొనును. బంతి వేగము తగ్గును, ఎత్తుగా లేచును. పచ్చికపై జారిపోవు సర్వీసు ఇచట భుజము వఱకు లేచి, తిరిగి కొట్టువానికి ఆలోచించుకొను వ్యవధి నిచ్చును. ఎండ కాసిన నాడు కోర్టు ఎండి ఆట కొంత వడిగా సాగును. చిఱుజల్లు పడిన నాడు బంతి చెమ్మ పీల్చి బరువెక్కును. ఒకే కోర్టు ఉదయము ఒక తీరున, సాయంకాలము మఱియొక తీరున ఉండుట కలదు.

డబుల్సులో కోర్టు వెడల్పు ఇరువది యేడు అడుగుల నుండి ముప్పదియాఱు అడుగులకు పెరుగును. ఇద్దఱు కలిసి వల దగ్గఱకు ఉఱికి, బంతిని నేల తాకనీయక కొట్టి ముగించుటయే జంట ఆటలోని పాత నీతి. బంతి నేల తాకనప్పుడు నేల ఏదైన నేమి? అని పాఠకులు అడుగవచ్చును. కాని వలకు చేరుకొనుటకు ముందే ఎదుటివారికి వ్యవధి దొరకును గదా. వారు బంతిని ఉఱికి వచ్చువారి పాదముల వద్దకు కొట్టుదురు, లేదా తలమీదుగ ఎత్తి వెనుకకు పంపుదురు. వెనుకకు తిరుగబోయినవారి కాలు ఆ పొడిలో జాఱును. కనుక ఇచట ఓర్పు కావలెను. అంతకు మించి, తన వెనుక ఎవరున్నారో తిరిగి చూడకుండనే తెలియవలెను.

ఈ మాట వ్రాయునప్పుడు మాకు 1956 సంవత్సరపు జంటయే తలంపునకు వచ్చును. ఆల్తియా గిబ్సన్ అమెరికా దేశపు నీగ్రో జాతి స్త్రీ. న్యూయార్కులోని హార్లెములో పెరిగెను. ఆమె వర్ణమువారికి 1950 వఱకు ఆ దేశపు జాతీయ పోటీల ద్వారము తెఱువబడలేదు. ఆంజెలా బక్స్టన్ లివర్‌పూలులో పుట్టిన యూదు యువతి. యూదురాలన్న కారణముచేతనే లండనులో ఒక క్లబ్బు ఆమెను చేర్చుకొనలేదు. అమెరికా ప్రభుత్వము పంపగా గిబ్సన్ ఆసియా దేశములలో ఆడుచు తిరిగినప్పుడు ఈ యిద్దఱికి మన దేశముననే పరిచయమైనది. తమతో జతగా ఆడుటకు ముందుకు వచ్చువారు లేని ఇద్దఱు ఒకరికొకరు జత అయిరి.

ఆ యేడు పారిస్‌లో సింగిల్సు సెమీఫైనలులో గిబ్సన్ బక్స్టన్‌నే ఓడించి, ఆపై ఫైనలు గెలిచి, మహాటోర్నమెంటులలో సింగిల్సు గెలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి యయ్యెను. ఓడించినవారును ఓడినవారును కలిసి మరల డబుల్సు ఫైనలులో వలకు ఒకే ప్రక్క నిలిచిరి. ఎదుట డార్లీన్ హార్డ్, డొరొతీ నోడ్. మొదటి సెట్టు 6–8తో పోయినది. అప్పటికి టై-బ్రేకరు లేదు. రెండు గేముల తేడా వచ్చువఱకు ఆడవలసినదే. రెండవ సెట్టు 8–6తో చిక్కినది. మూడవదానిలో ఎదుటి జంట ఒకే గేము తీసికొనగలిగెను: 6–1. కొలది వారములకు వింబుల్డన్ డబుల్సు కూడ వీరిదే యయ్యెను. ఆ వేసవి ముగియక ముందే మణికట్టు దెబ్బతిని బక్స్టన్ ఆట దాదాపు నిలిచిపోయినది.

కథ అంతటితో పోలేదు. 1995లో గిబ్సన్ రోగముతోను లేమితోను క్రుంగి, బ్రతుకుపై ఆశ విడిచి, బక్స్టన్‌కు టెలిఫోను చేసెను. బక్స్టన్ ఒక టెన్నిసు పత్రికకు ఉత్తరము వ్రాయించెను. పలు దేశముల నుండి ధనము వచ్చినది. గిబ్సన్ 2003 వఱకు జీవించెను. డబుల్సులో జత యనగా ఏమని ఎవరైన అడిగినచో మేము స్కోరు చెప్పము, ఈ సంగతి చెప్పుదుము.

ఇక సానియా మీర్జా. మట్టి ఆమెకు పగ అనుట సరికాదు. 2012లో మహేశ్ భూపతితో మిశ్రమ డబుల్సును ఆ మట్టిపైననే గెలిచెను. 2011లో ఎలెనా వెస్నినాతో స్త్రీల డబుల్సు ఫైనలు చేరి, చెక్ జంట హ్లావాచ్కోవా, హ్రడెత్స్కాల చేతిలో 4–6, 3–6తో ఓడెను. 2016లో మార్టినా హింగిస్‌తో కలిసి వరుసగా 41 ఆటలు గెలిచిన ఖ్యాతితో పారిస్ చేరెను. అది కూడ గెలిచినచో నాలుగు మహాటోర్నమెంటులు వరుసగా వారివై యుండెడివి. ఆ జంట బలము మా అభిప్రాయమున ఒకటే: సానియా బలమైన ఫోర్‌హ్యాండుతో ఎదుటివారిని తడబఱచును, వల దగ్గఱ హింగిస్ ఆ తడబాటును ముగించును. ఇటుకపొడి ఆ ఫోర్‌హ్యాండు వడిని ఒకింత తగ్గించును. ఆ ఒకింతయే ఎదుటివారికి చాలును.

మూడవ రౌండులో వారిని 3–6, 2–6తో ఓడించినది చిన్ననాటి నుండి కలిసి ఆడిన ఇరువదేండ్ల చెక్ యువతులు, బార్బొరా క్రెచికోవా, కటెరినా సినియాకోవా. రెండు నెలలకు హింగిస్, సానియా జంట విడిపోయెను. చెక్ యువతులు 2018లోను, 2021లోను పారిస్ కప్పును గెలిచిరి.