గొంతునొప్పి మొదలు గుండె దాక

ఒడిశాలోని కొరాపుట్టు పీఠభూమి మీద గాని, నాగావళి పారు రాయగడ లోయలో గాని, పదునాలుగు పదునారేండ్ల పిల్లవాడు ఆటస్థలములో హఠాత్తుగా కూలినపుడు చుట్టు మూగినవారు మొట్టమొదట చేయు పని యేమనగా, వాని పిడికిట తాళపుగుత్తి నుంచుట. ఇనుము తగిలిన మూర్ఛ దిగునని నమ్మకము. ఒకరు ఉల్లిపాయ చితుకగొట్టి ముక్కుకడ పెట్టుదురు. వేరొకరు నోట నీళ్లు పోయుదురు. పెద్దవయసు స్త్రీ యొకతె "దిష్టి తగిలినట్టుంది నాయనా, ఎడంగా జరగండర్రా, గాలాడనీండి" అనుచు కొంగుతో విసరును. వీరిలో ఎవ్వరికిని దయ కొరవడలేదు. కాని గుండె ఆగి మెదడుకు రక్తము చాలనపుడు కాలు సేతులు కొన్ని క్షణములు కొట్టుకొనుట కద్దు. గురకవంటి ఎగశ్వాస కొంతసేపు వచ్చుటయు కద్దు. మొదటిదానిని చూచి మూర్ఛ యనుకొందురు, రెండవదానిని చూచి ఊపిరి ఆడుచున్నదిలే యనుకొందురు. ఈ రెండు భ్రమల నడుమ గడచిపోవు నిమిష మొక్కొక్కటికి, ఛాతీ నొక్కువారు లేనిచో, బ్రతుకు అవకాశము నూటికి ఏడు మొదలు పది పాళ్ల చొప్పున తరుగుచుండునని వైద్యులు లెక్కగట్టియున్నారు.

ఇది కొండప్రాంతపు అజ్ఞానమని కొట్టివేయువారు 2024 జూన్ 30వ తేదీన ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరమందు జరిగిన దానిని తలచుకొనవలెను. ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలలో చైనాకు చెందిన 17 ఏండ్ల జాంగ్ జీజీ ఆట నడుమ నేల కొరిగెను. దీపములు, కెమెరాలు, వైద్యబృందము అన్నియు అచ్చటనే యున్నను సుమారు 40 సెకన్ల వరకు వైద్యులు దరిచేరరైరి. రిఫరీ అనుమతి లేనిదే కోర్టులోనికి పోరాదను నియమమునకు లోబడి ఆగితిమని నిర్వాహకులు పిమ్మట చెప్పుకొనిరి. ఆ రాత్రియే ఆ బాలుడు మరణించెను. దానికి పదకొండు నెలల ముందు, 2023 జూలై 24న, లాస్ ఏంజెలెస్‌లో బాస్కెట్‌బాల్ సాధన చేయుచు 18 ఏండ్ల బ్రానీ జేమ్స్ ఇట్లే గుండె ఆగి పడిపోగా, శిక్షణసిబ్బంది తక్షణమే చికిత్సకు పూనుకొనిరి. మూడు దినములలో అతడు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చెను. పుట్టుకతో వచ్చిన లోపమని తేల్చి సరిచేసిరి. డిసెంబరు 10న మరల మైదానమున నిలిచెను. ఒక్కొక్కరి జబ్బు ఒక్కొక్క తీరు గనుక ఈ రెంటిని తక్కెడలో పెట్టి తూచుట న్యాయము కాదు గాని, పక్కనున్నవాని చేతులు ఎప్పుడు కదలెనన్న ప్రశ్న మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

ఆ చేతులు చేయవలసిన పని గొప్ప విద్య కాదు. 1960లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కూవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, ఛాతీని కోయకయే పైనుండి నొక్కి రక్తప్రసరణమును నిలుపవచ్చునని లోకమునకు తెలిపిరి. వారిలో మొదటివాడు వృత్తిచేత వైద్యుడే కాడు, విద్యుత్తు ఇంజనీరు. పిలిచిన పలుకక, సరిగా ఊపిరి తీయక పడియున్నవానిని గట్టి నేలపై వెలకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఎముకపై అరచేతి మడమ నుంచి, రెండవ చేయి దానిపై వేసి, మోచేతులు వంచక, సుమారు రెండంగుళములు దిగునట్లు, నిమిషమునకు నూరు మొదలు నూట ఇరువది మారులు నొక్కుచు, ప్రతిసారి ఛాతీ పూర్తిగా పైకి లేవనిచ్చుచు, 108 బండి వచ్చువరకు ఒకరి తరువాత ఒకరుగా ఆపక చేయవలెను. ఎనిమిదవ తరగతి బాలుడు నేర్వదగిన పని ఇది.

అయితే కొరాపుట్టు, రాయగడ జిల్లాల సంగతి వ్రాయబూనినవాడు ఇంతటితో ఆగిన అసలు కథ చెప్పనివాడే యగును. పేదదేశములలో పిల్లలను, యువజనులను హఠాత్తుగా ఆసుపత్రి వాకిట పడవేయు హృద్రోగములలో ప్రధానమైనది రుమాటిక్ జబ్బు. మనవారు కీళ్లవాతపు జ్వరమందురు. దాని రాక అతి సామాన్యము. అయిదేండ్లకును పదునైదేండ్లకును నడుమ వయసున స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వచ్చును. నాలుగు దినములలో దానంతటదియే తగ్గును. రెండు మూడు వారములు గడచిన పిదప మోకాలు వాచును, అది తగ్గి చీలమండ వాచును, అదియు తగ్గి మోచేయి పట్టుకొనును. బడి మానిన పిల్లవాడు మరల బడికి పోవును. ఇంటివారు పీడ విరుగడయ్యెనని మరచిపోవుదురు. కాని క్రిమిపై తిరుగబడిన దేహరక్షణశక్తి గుండె కవాటములను సైతము క్రిమియే యని భ్రమించి గాయపరచి పోయినది. మరియొక గొంతునొప్పి, మరియొక గాయము. ఇట్లు పదేండ్లలో, నాలుగు మొదలు ఆరు చదరపు సెంటీమీటర్లుండవలసిన మైట్రల్ కవాటపు ద్వారము ఒకటిన్నరకును, అంతకు తక్కువకును కుంచించుకుపోవును. అప్పుడొక రాత్రి పిల్ల పడుకొనలేక లేచి కూర్చుండి, దగ్గుచు, గులాబిరంగు నురుగు కక్కును. చూచువారికి అది హఠాత్తు. గుండెకు మాత్రము కాదు.

ప్రపంచ ఆరోగ్యసభ 2018లో ఈ జబ్బును గూర్చి ప్రత్యేక తీర్మానము చేసినది. అంతకు మునుపే, 2013లో, పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు బిడ్డలను బడులలోను అంగన్వాడీలలోను పరీక్షించుటకు మన దేశమున రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఏర్పడినది. అది వెదుకవలసిన జబ్బుల పట్టికలో ఇదియు కలదు. మందును కొత్తది కాదు, ఖరీదైనదియు కాదు: మూడు వారముల కొక పెన్సిలిన్ సూది. బెంజథీన్ పెన్సిలిన్ తెల్లని పొడిగా సీసాలో నుండును. నీరు కలిపి కుదిపిన చిక్కని పాలవలె నగును. ఆలస్యమైన సూదిలోనే గడ్డకట్టి మూసుకొనును, గనుక నర్సమ్మ లావైన సూదిని తీసికొని పిరుదులో లోతుగా, మెల్లగా ఎక్కింపవలసి యుండును. ఆ దినమంతయు పిల్లవాడు కుంటుచు నడచును. ఒకసారి కాదు, రెండు సార్లు కాదు. జబ్బు గుండెకు తగిలియున్నచో ఇరువదియొక్క ఏండ్లు వచ్చువరకైనను, కవాటము చెడియున్నచో నలువది వరకును ఇది తప్పదు. పదునైదేండ్ల వయసున ఒంట నొప్పి లేక, ఊపిరి చక్కగా ఆడుచు, తోడివారితో పరుగెత్తుచున్న పిల్లవానికి, "రాబోవు జబ్బు కొరకు నేడు సూది వేయించుకో" అని నచ్చజెప్పుట ఏ తల్లికైనను ఏ వార్డెనుకైనను సులభమా? ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో పిల్లలు పక్కపక్కన పండుకొందురు, కనుక గొంతునొప్పి ఒకరినుండి ఒకరికి తేలికగా పాకును; అదే హాస్టలులో సూది తేదీ గుర్తుంచుకొనువారును ఉందురు; కాని చైత్రమాసపు చైత్ పరబ్ పండుగ వచ్చెనా, పిల్లలందరు కొండలపై నున్న తమ ఊళ్లకు పోవుదురు, వేట, ఆటపాటల నడుమ మూడు వారములు ఆరు వారములగును. పండుగకు పిల్లవానిని పంపునప్పుడే సూది వేసి పంపవలెనన్న చిన్న ఏర్పాటు ఏ పెద్ద ఉత్తరువులకంటెను ఎక్కువ గుండెలను కాపాడునని నా దృఢవిశ్వాసము.

ఆడపిల్లల విషయము మరింత కఠినము. పదునేడు పదునెనిమిదేండ్లకే పెండ్లియై గర్భవతియగు పిల్ల దేహములో రక్తపరిమాణము సుమారు సగము పెరుగును. ఇరుకైన కవాటము ఆ ప్రవాహమును దాటనీయలేక, ఏడవ మాసమునకో, ప్రసవమైన గంటకో ఊపిరితిత్తులు నీటితో నిండును. కడుపుతో నున్నవారికి ఆయాసము సహజమేనని అత్తగారనును. అదియు అబద్ధము కాదు, కనుకనే అది ప్రమాదకరము. రాయగడ జిల్లాలో బిసంకటక్ క్రైస్తవ ఆసుపత్రిని 1954లో డెన్మార్కు దేశపు వైద్యురాలు లిస్ మాడ్సెన్ స్థాపించినప్పటి నుండి ఈ కొండల తల్లులకు అది ఒక దిక్కైనది. రోగిని ఊరిలో నాటువైద్యుడగు దిశారియు, డొంగ్రియా కొంధుల పల్లెలలో పూజారిణియగు బేజుణియు మొదట చూతురు. వారిని తిట్టి లాభము లేదు. పిల్ల పడుకొనలేకున్నదన్న మాట విన్నంతనే ఆసుపత్రికి పంపుమని వారికి చెప్పి ఒప్పించుటయే వివేకము.

పంపుట యనిన ఎచ్చటికి? 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్ర మేర్పడువరకు ఈ సీమయంతయు జయపురపు సంస్థానముగా విశాఖపట్టణపు జిల్లాలోనిదే. ఎల్ల మారినను రోగి పోవుదారి మారలేదు. కొరాపుట్టు నుండి సిమిలిగుడ, పొట్టంగి, సుంకి దాటి ఘాటు దిగి సాలూరు మీదుగా. రాయగడ నుండి పార్వతీపురము, బొబ్బిలి మీదుగా. ఇరువురును విజయనగరము దాటి విశాఖలో 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి వాకిటనే కలిసికొందురు. సుమారు రెండువందల కిలోమీటర్ల దారి, అందులో మలుపుల ఘాటు, వర్షాకాలమున విరిగిపడు కొండచరియలు. ఆగిన గుండె అంతవరకు ఆగదు. 2017లో కొరాపుట్టున వైద్యకళాశాల ఏర్పడి, 1943లో ఉరికంబమెక్కిన స్వాతంత్ర్యయోధుడు లక్ష్మణ నాయకుని పేరు దాల్చినది. దానివలన మొదటి గంటలలో ఈసీజీయు, ప్రాణవాయువును, నీరు తీయు సూదిమందును ఘాటుపైననే దొరకు వీలు కలిగినది. గుండె శస్త్రచికిత్సకు మాత్రము ఇప్పటికిని ప్రయాణము తప్పని వారెందరో. ఖర్చు మాట యందురా, ఒడిశాలో 2018లో ఒక పథకమును, 2025లో ఆయుష్మాన్‌తో కలిసి గోపబంధు పేరిట మరియొకటియు వచ్చినవి. రాయగడ తెలుగు కుటుంబములు ఆంధ్రదేశపు ఉచిత వైద్యపథకమును నమ్ముకొని బండెక్కి, విశాఖలో దిగిన పిదప తమ కార్డు ఒడిశాదని గ్రహించి కంగారుపడక, బయలుదేరకమునుపే తమ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లునో విచారించుకొనుట మేలు.

ప్రాణము దక్కిన తరువాతి కథను పత్రికలు వ్రాయవు. కవాటము మార్చిన పిల్లవాడు ఇంటికి వచ్చును. తిరువనంతపురమున శ్రీచిత్ర సంస్థవారు శస్త్రవైద్యుడు వలియత్తాన్ ఆధ్వర్యమున రూపొందించి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన కవాటము మన దేశపు బీదలకు అందుబాటులోనికి వచ్చిన పెద్ద వరము. అయినను ఏ యంత్రకవాటమునకైనను ఒక చప్పుడున్నది. ఇల్లు నిద్రించిన రాత్రి తన రొమ్ములో గడియారము నడచుచున్నట్లు పిల్లవాడు విని, అది ఎప్పుడైన ఆగునేమోయని మేలుకొని యుండును. పగలు తల్లి వానిని బరువెత్తనీయదు, చెరువున ఈదనీయదు. నేస్తములు ఆటకు పిలుచుట మానుదురు, జాలితో. రోజును రక్తము పలుచబరచు మాత్ర వేసికొనవలెను, రక్తము గడ్డకట్టు తీరును కొలుచు ఐ.ఎన్.ఆర్. పరీక్షకు నెలనెల ఎచ్చటికైన పోవలెను. చోడి అంబలి మాట సరే గాని, ఒకనాడు తపెలెడు తోటకూర, మరునాడు బొత్తిగా ఏమియు లేకుండుట పనికిరాదు, మాత్ర బలము తారుమారగును. ఆడపిల్లయైనచో ఆ మాత్ర గర్భస్థశిశువునకు హాని చేయవచ్చునని ముందే చెప్పవలెను. చెప్పిన పెండ్లి కుదరదను భయమున దాచుదురు. దాచినదానికి మూల్యము ప్రసవపు గదిలో చెల్లింపవలసి వచ్చును.

ఇట్టి పిల్లలకు కావలసినది జాలి కాదు. ఎంతవరకు పరుగెత్తవచ్చునో వైద్యుని నోటనే వారి యెదుటనే చెప్పించవలెను. సూది తేదీని, మాత్ర వేళను వారి చేతికే అప్పగింపవలెను. భయము కలిగిన రాత్రి లేపుటకు ఒక పెద్దదిక్కు పేరు వారికి తెలియవలెను. పదునారేండ్లవానికి తన జబ్బు తన చేతిలోని పనియైనచో, అది తన తలరాత యన్న తలపు కొంతలో కొంత సడలును.

ఇక పాఠకులతో ఒక మాట. మీరు కొరాపుట్టు, జయపురము, సునాబేడ, గునుపురము, రాయగడ బడులలో ఉపాధ్యాయులో, హాస్టలు సూపరింటెండెంటులో, తల్లిదండ్రులో అయియున్నచో, ఈ వారములో రెండు పనులు చేయుడు: సమీపపు ఆసుపత్రి వైద్యుని మీ బడికి పిలిచి పెద్దపిల్లలందరికి ఛాతీ నొక్కుట నేర్పుమని అడుగుడు, కీళ్లు వాచి జ్వరము వచ్చిపోయిన పిల్లల పేర్లు ఒక పుస్తకమున వ్రాసి, వారందరికి గుండె ఎకో పరీక్ష జరుగువరకు విడువకుడు. 108 అను అంకె సరిహద్దుకు ఇరువైపులను ఒక్కటే.