కోటలు కట్టిన కోష్‌చూష్కో, అమలు కాని వీలునామా

అమెరికా పటంలో ఒక పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. న్యూయార్క్‌లో క్వీన్స్‌కీ బ్రూక్లిన్‌కీ మధ్య ఉన్న పెద్ద వంతెనకు ఆ పేరే. మిసిసిపీలో ఒక ఊరికీ ఆ పేరే (ఓప్రా విన్‌ఫ్రే పుట్టింది ఆ ఊళ్ళోనే). ఇండియానాలో ఒక కౌంటీకి ఆ పేరు పెట్టి, దాని ముఖ్య పట్టణానికి వార్సా అని పేరు పెట్టారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం పేరు కూడా అదే.

ఆ పేరు పలకడం మాత్రం కొంచెం కష్టం. ఇక్కడివాళ్ళు చాలామంది "కాషియస్కో" అంటారు. పోలండ్ వాళ్ళు "కోష్‌చూష్కో" అంటారు. పూర్తి పేరు తదేవుష్ కోష్‌చూష్కో. సాక్షాత్తు జార్జి వాషింగ్టనే తన ఉత్తరాల్లో ఈ పేరు స్పెల్లింగు ఒక్కోసారి ఒక్కోరకంగా రాసేవాడట! ఆఫీసులో మన ఇంటిపేర్లు ఎన్ని అవస్థలు పడతాయో తెలిసిన మనకు ఈ మాట వింటే నవ్వు రాక మానదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. ఇక్కడికి ఇంజనీరింగులో ఎం.ఎస్. చేయడానికి వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడిన మామూలు తెలుగువాణ్ణి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి చదువుతుంటే వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్ పేర్ల కన్నా ఈయన కథే నన్ను ఎక్కువగా పట్టుకుంది. పరాయి దేశం నుంచి వచ్చిన ఇంజనీరు కాబట్టి మొదట ఆసక్తి కలిగింది. ఆ తర్వాత ఆయన వీలునామా సంగతి చదివాక మీ అందరితో పంచుకోవాలనిపించింది.

చదువుంది, ఉద్యోగం లేదు

కోష్‌చూష్కో 1746 ఫిబ్రవరి 4న అప్పటి పోలండ్-లిథువేనియా రాజ్యంలో ఒక చిన్న భూస్వామి కుటుంబంలో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు బెలారస్‌లో ఉంది. 1765లో వార్సాలో రాజుగారు కొత్తగా పెట్టిన సైనిక పాఠశాలలో చేరాడు. బాగా చదివేవాడు కావడంతో స్కాలర్‌షిప్ ఇచ్చి 1769లో పారిస్ పంపించారు. విదేశీయుడు కాబట్టి అక్కడి సైనిక కళాశాలల్లో సీటు దొరకలేదు. చిత్రకళా అకాడమీలో పేరు నమోదు చేయించుకుని, కోటల నిర్మాణం, ఫిరంగుల వ్యవహారం బయట నేర్చుకున్నాడు.

ఈలోగా 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ కలిసి పోలండ్‌లో తలో ముక్కా తీసుకున్నాయి. రెండేళ్ళ తర్వాత ఈయన ఇంటికి తిరిగి వచ్చేసరికి సైన్యాన్ని కుదించేశారు, కొత్తవాళ్ళకు చోటు లేదు. ఇంటి దగ్గర అన్నగారు ఆస్తిని అప్పుల పాలు చేసి కూర్చున్నాడు. అది చాలదన్నట్టు, తాను చదువు చెబుతున్న ఒక పెద్ద ప్రభువు కూతురు లుద్వికాను ప్రేమించి, ఇద్దరూ పారిపోబోతే తండ్రి మనుషులు పట్టుకున్నారు. ఇక అక్కడ ఉండలేక దేశం విడిచాడు. తర్వాత జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు.

1776 వేసవిలో, స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన రోజుల్లోనే, అమెరికా చేరాడు. కొత్త దేశానికి ఆవేశం ఉంది, జనం ఉన్నారు. కోట ఎక్కడ కట్టాలో, నదికి అడ్డు ఎక్కడ వేయాలో తెలిసినవాళ్ళు మాత్రం లేరు. అక్టోబరు 18న కాంగ్రెస్ ఈయనను ఇంజనీరుగా నియమించింది. కల్నల్ హోదా, నెలకు 60 డాలర్ల జీతం. మొదటి పని ఫిలడెల్ఫియాను కాపాడేందుకు డెలవేర్ నది మీద రక్షణ ఏర్పాట్లు చేయడం.

చెప్పినా వినని కొండ

1777లో ఆయనను ఉత్తరాన టికండెరోగా కోటకు పంపారు. కోటకు ఎదురుగా ఒక ఎత్తైన కొండ ఉంది. దాని మీద మనం ఫిరంగులు పెట్టకపోతే శత్రువు పెడతాడని ఈయన పై అధికారులకు చెప్పాడు. అంత నిటారు కొండ మీదికి ఫిరంగులు ఎవడు లాగుతాడని వాళ్ళు పట్టించుకోలేదు. జూలై మొదటి వారంలో బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ మనుషులు సరిగ్గా అదే కొండ మీదికి ఫిరంగులు చేర్చారు. అమెరికన్లు రాత్రికి రాత్రి కోట ఖాళీ చేసి వెళ్ళాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు "నేను ముందే చెప్పాను కదా" అంటూ కూర్చోవడం తేలిక. ఈయన గొడ్డళ్ళు పట్టిన మనుషుల్ని వెంటబెట్టుకుని, వెనక్కి తగ్గుతున్న సైన్యానికి సమయం సంపాదించే పనిలో పడ్డాడు. దారికి అడ్డంగా వందల చెట్లు పడగొట్టించాడు. వంతెనలు విరగ్గొట్టించాడు. వాగులకు అడ్డుకట్టలు వేయించి దారంతా బురద చేయించాడు. బర్గోయిన్ సైన్యం నలభైకి పైగా వంతెనలు మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. సుమారు 22 మైళ్ళ దూరానికి వాళ్ళకు మూడు వారాలు పట్టింది, అంటే రోజుకు మైలు!

ఆ మూడు వారాల్లో అమెరికన్లు కూడదీసుకున్నారు. ఎక్కడ నిలబడి ఎదుర్కోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు హడ్సన్ నది పక్కన బెమిస్ హైట్స్ అనే ఎత్తు ప్రదేశాన్ని ఎంచింది కోష్‌చూష్కోయే. ఒక పక్క నది, ఇంకో పక్క కొండలూ అడవీ, మధ్యలో ఇరుకు దారి. ఆ పరిసరాల్లోనే సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ రెండు సారటోగా యుద్ధాలు జరిగాయి. అక్టోబరు 17న బర్గోయిన్ దాదాపు 6 వేల మందితో లొంగిపోయాడు. ఆ విజయం చూశాకే ఫ్రాన్స్ 1778లో అమెరికాతో బాహాటంగా చేతులు కలిపింది. విజయానికి అభినందనలు అందుకున్న జనరల్ గేట్స్, అసలు యుద్ధం నడిపింది ఆ కొండలూ అడవులేననీ, వాటిని ఎంచే నేర్పు ఆ పోలండ్ యువ ఇంజనీరుదనీ చెప్పాడు.

వెస్ట్ పాయింట్ నుంచి దక్షిణాదికి

తర్వాత రెండేళ్ళకు పైగా ఆయన పని వెస్ట్ పాయింట్‌లో. అక్కడ హడ్సన్ నది గట్టిగా వంపు తిరుగుతుంది. ఓడలు అక్కడ వేగం తగ్గించక తప్పదు. ఆ వంపు చుట్టూ ఒక్క పెద్ద కోట కాకుండా, ఒకదాన్ని ఒకటి కాపాడుకునేలా చిన్న కోటలూ ఫిరంగి దిబ్బలూ వరుసలుగా కట్టించాడు. ఒకటి పోయినా మిగతావి నిలబడతాయి. మా వృత్తిలో పెద్ద సిస్టమ్స్ కట్టేటప్పుడు ఇదే సూత్రం పాటిస్తాం కాబట్టి ఆ పటాలు చూస్తుంటే నాకు ముచ్చటేసింది. యుద్ధం ముగిసేదాకా బ్రిటిష్ వాళ్ళు దాన్ని పట్టుకోలేకపోయారు. 1780లో బెనెడిక్ట్ ఆర్నాల్డ్ దాన్ని వాళ్ళకు అమ్మబోయి బయటపడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఖాళీ సమయంలో ఈయన కొండ అంచున రాళ్ళ మీదికి మట్టి మోసి ఒక చిన్న తోట వేసుకున్నాడు. అది ఇప్పటికీ వెస్ట్ పాయింట్‌లో ఉంది.

1780 చివర్లో దక్షిణాది సైన్యానికి మారాడు. జనరల్ గ్రీన్ కింద నదులు సర్వే చేయడం, పడవలు కట్టించడం ఆయన పని. 1781 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ తరుముకొస్తుంటే గ్రీన్ సైన్యం డాన్ నది దాటి తప్పించుకోవడం వెనక ఇలాంటి ముందు ఏర్పాట్లే ఉన్నాయి. (అదే కార్న్‌వాలిస్ యార్క్‌టౌన్‌లో లొంగిపోయి, 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత జమీందారీ పద్ధతే 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోకీ వచ్చింది.) అన్నీ విజయాలే కావు. నైన్టీ సిక్స్ అనే చోట కోట కిందికి సొరంగం తవ్వించాడు కానీ కోట దక్కలేదు, పైగా గాయపడ్డాడు.

ఈ సంవత్సరాల్లో ఆయనకు సహాయకుడిగా ఉన్నవాడు అగ్రిప్పా హల్, మసాచుసెట్స్‌లో స్వతంత్రుడిగా పుట్టిన నల్లజాతి సైనికుడు. దక్షిణాదిలో బానిసత్వం ఎలా ఉంటుందో కోష్‌చూష్కో కళ్ళారా చూశాడు. చనిపోయిన ఒక అధికారి బట్టలు పంచుతున్నప్పుడు, ఒంటి మీద బట్టలేని ఇద్దరు బానిసలకు అవి ఇప్పించమని గ్రీన్‌కు ఉత్తరం రాశాడు. మంచి బట్ట మన ఒంటికి ఎంత హాయో వాళ్ళ ఒంటికీ అంతే అన్నది ఆయన వాదన. స్వేచ్ఛ కోసం పోరాడుతున్న సైన్యంలో స్వేచ్ఛ లేనివాళ్ళ వంక చూసినవాడు ఈ పరాయి దేశస్థుడు.

స్వదేశంలో రెండో యుద్ధం

1783లో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు కానీ జీతం చేతికి రాలేదు. 12 వేల డాలర్లకు పైగా బాకీకి కాగితం రాసిచ్చారు, కొంత భూమి కూడా ఇస్తామన్నారు. 1784లో ఇంటికి తిరిగి వెళ్ళాడు. వెళ్ళగానే తన పొలాల్లో వెట్టిచాకిరీ చేసే రైతులకు పనిరోజులు తగ్గించి వారానికి రెండు చేశాడు. ఆడవాళ్ళకు వెట్టి పూర్తిగా తీసేశాడు.

1792లో రష్యా దండెత్తినప్పుడు దుబియెంకా దగ్గర తనకన్నా ఎంతో పెద్ద సైన్యాన్ని నిలవరించాడు. కానీ రాజు లొంగిపోయాడు, మరుసటేడు దేశంలో ఇంకో పెద్ద ముక్క పోయింది. 1794 మార్చి 24న క్రాకో నగరం సంతలో నిలబడి, తిరుగుబాటుకు నాయకత్వం వహిస్తానని ప్రమాణం చేశాడు. ఏప్రిల్ 4న రాత్స్‌వావిత్సే దగ్గర, పొడవాటి కొడవళ్ళను నిలువుగా బిగించిన కర్రలతో రైతులు రష్యన్ ఫిరంగుల మీద పడి వాటిని పట్టుకున్నారు. మే 7న ఆయన ఒక ప్రకటన చేశాడు. రైతులు స్వతంత్రులు, వాళ్ళకు ప్రభుత్వ రక్షణ ఉంటుంది, వెట్టి తగ్గుతుంది అని. చాలామంది భూస్వాములు దాన్ని లెక్కచేయలేదు. అక్టోబరు 10న మచెయోవిత్సే దగ్గర తీవ్రంగా గాయపడి పట్టుబడ్డాడు. 1795లో పోలండ్ అనే దేశమే పటం మీద లేకుండా పోయింది.

రెండేళ్ళు రష్యాలో ఖైదు. 1796లో మహారాణి కేథరిన్ చనిపోయాక కొడుకు పాల్ ఆయనను వదిలాడు. విధేయత ప్రమాణం చేస్తే మిగతా వేలాది పోలిష్ ఖైదీల్నీ వదులుతానన్నాడు. వాళ్ళ కోసం ఆ ప్రమాణం చేశాడు.

జెఫర్సన్ చేతికిచ్చిన కాగితం

1797 ఆగస్టులో మళ్ళీ ఫిలడెల్ఫియా వచ్చాడు. అప్పటికి గాయాల వల్ల సరిగ్గా నడవలేకపోతున్నాడు. అద్దె గదిలో ఉన్న ఆయనను చూడడానికి తరచూ వచ్చిన మిత్రుడు, అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్. ఆయనే పూనుకుని ఈయనకు రావలసిన పాత జీతం బాకీ ఇప్పించే ఏర్పాటు చూశాడు.

ఆ డబ్బుతో ఏం చేయాలి? 1798 మే 5న, యూరప్ వెళ్ళేముందు కోష్‌చూష్కో ఒక వీలునామా రాసి జెఫర్సన్ చేతికిచ్చాడు. అమెరికాలో ఉన్న నా సొమ్ముతో బానిసల్ని కొని, విడుదల చేసి, చదువూ పనీ నేర్పించాలి. మంచి పౌరులుగా, అవసరమైతే దేశాన్ని కాపాడేవాళ్ళుగా తయారుచేయాలి. జెఫర్సన్ సొంత బానిసల్ని కొన్నా సరే. ఇదీ సారాంశం. "మనుషులందరూ సమానులు" అని రాసిన మనిషి చేతిలోనే, ఆ మాట నిజం చేసే డబ్బు పెట్టి వెళ్ళాడు.

1817 అక్టోబరు 15న స్విట్జర్లాండ్‌లో కోష్‌చూష్కో చనిపోయాడు. అప్పటికి ఆ సొమ్ము 17 వేల డాలర్ల దాకా ఉంది. జెఫర్సన్ 1819లో వీలునామాను కోర్టులో సమర్పించాడు కానీ, వయసు మీద పడిందని చెప్పి అమలు బాధ్యత తీసుకోలేదు. చిక్కులు నిజంగానే ఉన్నాయి. విడుదలైన బానిస ఏడాదిలోగా రాష్ట్రం వదిలి పోవాలని 1806 నాటి వర్జీనియా చట్టం. పైగా కోష్‌చూష్కో తర్వాత యూరప్‌లో మరికొన్ని వీలునామాలు రాశాడు. వాటిలో 1816 నాటిది పాతవన్నీ రద్దు అంది. చనిపోవడానికి నెల ముందు జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం అమెరికా సొమ్ము దేనికో మీకు తెలుసు కదా అని గుర్తుచేశాడు. జెఫర్సన్ గట్టిగా పూనుకుంటే జరిగేదా అన్నది ఇప్పటికీ చరిత్రకారులు వాదించుకునే విషయం. కేసు కోర్టుల్లో నలిగి నలిగి 1852లో సుప్రీం కోర్టుకు చేరింది. అమెరికా సొమ్ముకు సంబంధించి చెల్లే వీలునామాయే లేదని తేల్చి, బంధువులకు ఇచ్చేశారు. ఒక్క బానిస కూడా ఆ డబ్బుతో విడుదల కాలేదు. జెఫర్సన్ చనిపోయాక, 1827 జనవరిలో అప్పుల కోసం ఆయన ఎస్టేటులో 130 మంది బానిసల్ని వేలానికి పెట్టారు.

చనిపోయిన ఏడాదే ఏప్రిల్‌లో కోష్‌చూష్కో స్వదేశంలోని తన ఊరి రైతులకు వెట్టి నుంచి విముక్తి రాసిచ్చాడు. జార్ ప్రభుత్వం దాన్నీ ఒప్పుకోలేదు. చివరికి రష్యాలో 1861లో, అమెరికాలో 1865లో ఆ పని చట్టప్రకారం జరిగింది. అంటే ఆయన ఆలోచన రెండు చోట్లా అరవై ఏళ్ళకు పైగా ముందుంది.

ఇందులో మనకు ఒక లౌకికమైన సంగతి కూడా ఉంది. మనలో చాలామందికి ఇక్కడ కొంత, అక్కడ కొంత ఆస్తి. ఊళ్ళో బడికి, లైబ్రరీకి ఇవ్వాలని మనసులో ఉంటుంది. మనసులో ఉంటే చాలదు. ఏ దేశంలో ఏ కాగితం చెల్లుతుందో, కొత్తది రాస్తే పాతది ఏమవుతుందో, బాధ్యత అప్పగించినవారు నిజంగా చేయగలరో లేదో బతికుండగానే చూసుకోవాలి.

ఫిలడెల్ఫియా వెళ్ళినప్పుడు పిల్లలకు లిబర్టీ బెల్ చూపించాక, అక్కడికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో థర్డ్, పైన్ వీధుల మూలన ఉన్న ఇల్లు కూడా చూపించండి. కోష్‌చూష్కో అద్దెకున్న ఇల్లు అదే. నేషనల్ పార్క్ సర్వీసు చూసే స్థలాలన్నిటిలోనూ అతి చిన్నది. అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి వెళ్ళేముందు వేళలు చూసుకోవాలి. వీలునామా రాసిన రోజుల్లో ఆయన ఉన్నది అక్కడే. ఆ కథ పిల్లలకు అక్కడే చెబితే జూలై ఫోర్త్ అంటే బాణసంచా ఒక్కటే కాదని వాళ్ళకూ తెలుస్తుంది.