గులకరాళ్ల నేల, ఓక్ పీపాల వైన్

ఇటలీలోని టస్కనీ తీరం వెంట పీసా నుంచి దక్షిణంగా వెళ్తుంటే, సాన్ గుయిదో అనే చోట ఎనిమిది మూలల చిన్న ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. దాని ఎదుట మొదలయ్యే దారి సుమారు అయిదు కిలోమీటర్లు వంపన్నది లేకుండా సాగి బోల్గెరి కోటగుమ్మం దగ్గర ఆగుతుంది. ఇరువైపులా సైప్రస్ చెట్లు, రెండు వేలకు పైమాటే. 1906లో సాహిత్య నోబెల్ అందుకున్న కార్దుచ్చి చిన్నతనం ఈ ప్రాంతంలోనే గడిచింది. ఈ చెట్లతో మాట్లాడుతూ ఆయన రాసిన కవిత ఇటలీలో చాలామందికి తెలుసు. గుమ్మం దాటితే ఊరు నాలుగు వీధులే. ఆ వీధుల పేరు ఇవాళ ఖండాలు దాటి వినబడుతోందంటే, అది మారియో ఇంచీసా దెల్లా రొక్కెట్టా అనే జమీందారు మొండితనం వల్లే.

భార్య తరఫున వచ్చిన భూములివి. ఆయనకు గుర్రాలంటే ప్రాణం. పదహారు పందేల్లో ఒక్కటీ ఓడని రిబో అనే గుర్రం ఆయన భాగస్వామిగా ఉన్న అశ్వశాలదే. గుర్రాల తర్వాత ఇష్టం ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్. ఇక్కడి రాతి నేల ఆయనకు అక్కడి నేలను గుర్తుచేసింది. 1940లలో కొండవాలున క్యాబర్నే ద్రాక్ష తీగలు నాటించాడు. టస్కనీ అంటే సాంజోవేజే ద్రాక్ష. ఈ తీరానికేమో చిత్తడి నేలలు, మలేరియా అన్న పేరు. మంచి వైన్ ఇక్కడ పుడుతుందని ఎవరూ అనుకోలేదు. కొత్త వైన్ రుచి చూసినవాళ్లు మొహం చిట్లించారు. నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టుండే వగరు మరి! దాన్ని అమ్మకుండా ఇంటివరకే ఉంచుకున్నాడు. నేలమాళిగలో మిగిలిన సీసాలు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడ్డాయి. చివరికి 1968 నాటి పంట బజారుకొచ్చింది. అదే సస్సికాయా.

ఇప్పటి సస్సికాయాలో సుమారు 85 శాతం క్యాబర్నే సావిన్యాన్, తక్కినది క్యాబర్నే ఫ్రాంక్. ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో రెండేళ్లు ఉంటుంది. 225 లీటర్లు పట్టే ఒక్కో పీపా మూడు వందల సీసాలకు సరిపోతుంది. పీపా చేసేటప్పుడు చెక్కల్ని నిప్పుసెగకు వంచుతారు. లోపలివైపు కాలిన ఆ పొరే వైన్‌కు వెనీలా, లవంగం, పొగ వాసనలు అద్దుతుంది. కర్ర సందుల్లోంచి చొరబడే పిసరంత గాలి వగరును లొంగదీస్తుంది. ఆవిరై తరిగినంత మేర పీపాను మళ్లీ నింపుతుండాలి, లేకుంటే వైన్ పాడవుతుంది.

1978లో లండన్‌లో డికాంటర్ పత్రిక పెట్టిన పోటీలో వివిధ దేశాల క్యాబర్నేల మధ్య 1972 నాటి సస్సికాయా మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి ఇటలీ చట్టం ప్రకారం అది ఉత్త ‘టేబుల్ వైన్’, అంటే అట్టడుగు తరగతి! ఇక్కడి రెడ్ వైన్లకు గుర్తింపు దక్కింది 1994లో. 2013 నుంచి సస్సికాయాకు విడిగా సొంత హోదా ఉంది. ఒకే ఎస్టేటుకు అలా కట్టబెట్టడం అక్కడ అరుదు.

తాగే తీరు కూడా తొందర లేనిదే. మన వేసవి గది వేడికి ఇలాంటి రెడ్ వైన్ పనికిరాదు. 16 నుంచి 18 డిగ్రీలుండాలి. వయసు తక్కువ సీసాను గంటో రెండు గంటలో ముందే పాత్రలోకి వంచి గాలి తగలనివ్వాలి. బాగా పాత సీసాను మాత్రం రోజంతా నిటారుగా నిలబెట్టి, అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా ఒంపాలి. వెడల్పాటి గ్లాసులో మూడోవంతు చాలు. తోడుగా స్థానికులు అడవిపంది కూర, గొర్రెపాల పెకొరీనో జున్ను పెట్టుకుంటారు. ఖాళీ కడుపున తాగితే వగరు తప్ప ఇంకేమీ తెలియదని నా అభిప్రాయం.

దగ్గరి విమానాశ్రయం పీసా. రైల్లో వచ్చేవారు చెచీనాలో గానీ, కాస్తాన్యెతో కార్దుచ్చి స్టేషన్‌లో గానీ దిగి కారు తీసుకోవచ్చు. నడిపేవాళ్లు మాత్రం గ్లాసు జోలికి పోకపోవడమే మంచిది. సస్సికాయా ధర చూసి గుండె ఆగినంత పనైతే, అదే ఎస్టేటు 2000 నుంచి చేస్తున్న గుయిదాల్బెర్తో ఉంది. మెర్లో ద్రాక్ష కలిసిన ఈ వైన్ ఇంకాస్త మెత్తన, ఖరీదూ బాగా తక్కువే.