వేషం తీసేసిన డిస్కు

కొత్త ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చి మదర్‌బోర్డులో బిగిస్తాం. స్విచ్ వేయగానే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర వెలుగుతుంది. తీరా బయోస్‌లోకి వెళ్లి చూస్తే డిస్కుల జాబితాలో దాని ఊసే ఉండదు. పాత హార్డ్ డిస్కయితే చెవి దగ్గర పెట్టుకుంటే తిరుగుతోందో లేదో తెలిసిపోయేది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అది పనిచేస్తోందో లేదో బయటికి తెలియదు. అందుకే "డ్రైవ్ పోయింది" అని తీర్మానించేసి దుకాణానికి తిరిగి పట్టుకెళ్లేవాళ్లు ఎందరో. నిజానికి డ్రైవ్ బాగానే ఉండి, దానికీ మదర్‌బోర్డుకూ మధ్య మాట కలవకపోయి ఉండవచ్చు. ఆ తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడానికి ఈ యంత్రం పుట్టి పెరిగిన కథ తెలుసుకోవడమే మంచి దారి అని నా నమ్మకం.

తోషిబాలో ఇంజినీరుగా ఉన్న ఫుజియో మసువోకా 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సులో ఫ్లాష్ మెమరీని లోకానికి పరిచయం చేశారు. 1987లో ఆయన బృందం నాండ్ రకం ఫ్లాష్‌ను ప్రకటించింది. నేటి ఎస్‌ఎస్‌డీలన్నింటికీ మూలం అదే. ట్రాన్సిస్టర్‌లో చుట్టూ బంధక పదార్థం కప్పిన ఒక సన్నని పొరలోకి ఎలక్ట్రాన్లను నెట్టి అక్కడే నిలిపి ఉంచుతారు. కరెంటు తీసేసినా అవి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఈ పని చేసిన మనిషికి సంస్థ నుంచి దక్కింది తక్కువే. ఆయన కోర్టుకెక్కితే 2006లో 8.7 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. ప్రతి ఫోనులోనూ ఉన్న చిప్‌కు అది చాలా చిన్న మొత్తం.

అయితే ఈ చిప్‌కు పుట్టుకతోనే కొన్ని ఇబ్బందులున్నాయి. రాసిన చోటే నేరుగా తిరగరాయడం కుదరదు. రాయడం పేజీల లెక్కన, చెరపడం మాత్రం ఎన్నో పేజీలున్న పెద్ద బ్లాకుల లెక్కన. పైగా చెరిపి రాసిన ప్రతిసారీ ఆ బంధక పొర కొద్దికొద్దిగా అరుగుతుంది. ఇలాంటి చిప్‌ను కంప్యూటర్‌కు అంటగట్టేదెలా? 1988లో ఎలి హరారీ, కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహరోత్రా, జాక్ యువాన్ కలిసి పెట్టిన సన్‌డిస్క్ సంస్థ (తర్వాత శాన్‌డిస్క్ అయింది) దీనికి చక్కని ఉపాయం పన్నింది. చిప్‌ల ముందు ఒక కంట్రోలర్‌ను కూర్చోబెట్టి, ఫ్లాష్‌కు హార్డ్ డిస్కు వేషం వేయించింది. కంప్యూటర్ అడిగేవన్నీ హార్డ్ డిస్కును అడిగే ప్రశ్నలే. ఏ సమాచారం ఏ చిప్‌లో ఏ మూలన ఉందో చెప్పే పట్టికను లోపల తిరగేసి, కంట్రోలర్ జవాబిస్తుంది. 1991లో ఐబీఎం కోసం ఆ సంస్థ చేసిన 20 మెగాబైట్ల డ్రైవ్ ఖరీదు సుమారు 1,000 డాలర్లు. 

ఆ వేషం ఇరవయ్యేళ్లు నడిచింది. 2003లో వచ్చిన సాటా కేబుల్‌కు ఎస్‌ఎస్‌డీ తగిలించినా మదర్‌బోర్డు దాన్ని ఇంకో హార్డ్ డిస్కనే అనుకునేది. గుర్తుపట్టడంలో పేచీ తక్కువ. కానీ సాటా మూడో తరం వేగం సెకనుకు 600 మెగాబైట్లు దాటదు. దాని వెనకున్న ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకే వరుస, అందులో 32 ఆదేశాలే పడతాయి. తిరిగే పళ్లానికి అది చాలు, ఫ్లాష్‌కు చాలదు. అందుకని 2011లో ఎన్‌వీఎంఈ వచ్చింది. 65,535 వరుసలు, ఒక్కో వరుసలో 65,536 దాకా ఆదేశాలు. డ్రైవ్‌ను గ్రాఫిక్స్ కార్డులాగే పీసీఐఈ లేన్లనే డేటా దారులకు నేరుగా కలిపేశారు. వేషం తీసేశాక ఇది ఎవరో మదర్‌బోర్డుకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది. నేటి చిక్కుల్లో సగం ఇక్కడ మొదలైనవే.

ఇలాంటి డ్రైవ్‌ను బిగించే ఎం.2 స్లాటును దగ్గరగా చూడండి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్యలో ఎక్కడో ఒక చిన్న అడ్డుకట్ట. ఆ అడ్డుకట్టకు సరిపడే గాడి డ్రైవ్ అంచున ఉంటుంది. సాటా రకం ఎం.2 డ్రైవ్‌లకు సాధారణంగా రెండు గాళ్లు ఉంటాయి కాబట్టి అవి ఎన్‌వీఎంఈ స్లాటులోనూ చక్కగా దూరిపోతాయి. స్క్రూ కూడా బిగుస్తుంది. కానీ ఆ స్లాటుకు సాటా తీగలే కలపకపోతే డ్రైవ్‌ను పలకరించేవాళ్లుండరు. ఆకారం ఒకటే పెట్టి లోపలి భాషలు రెండు చేయడం తయారీదారుల తప్పేనని నేనంటాను. స్లాటు ఏ రకాన్ని తీసుకుంటుందో బోర్డు మాన్యువల్‌లో చూడకుండా డ్రైవ్ కొనకూడదు. అదే మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంటుంది: కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. కొత్తది పెట్టగానే పాత డిస్కు మాయమైందంటే కారణం ఇదే కావచ్చు. ప్రాసెసర్ వల్లా చిక్కు రావచ్చు. ఇంటెల్ 500 సిరీస్ బోర్డుల్లో ప్రాసెసర్‌కు నేరుగా కలిపిన ఎం.2 స్లాటు 11వ తరం ప్రాసెసర్ ఉంటేనే పనిచేస్తుంది. 10వ తరం ప్రాసెసర్‌లో ఆ లేన్లే లేవు. అప్పుడు డ్రైవ్‌ను పక్క స్లాటుకు మారిస్తే సరి.

డ్రైవ్‌ను ఏటవాలుగా దూర్చి, చివరిదాకా నెట్టి, అప్పుడు కిందికి వంచి స్క్రూ పెట్టాలి. బంగారు పూత రేకులు స్లాటు బయట ఇంకా బాగా కనబడుతుంటే అది సగమే దిగిందన్నమాట. పవర్ రాగానే బోర్డు ఒక్కో లేన్‌లో చిన్న వోల్టేజీ మార్పు పంపి, అవతలి కొసన ఎవరైనా ఉన్నారా అని కొలుస్తుంది. తాకీ తాకని రేకులతో ఆ కొలత తప్పుతుంది. అది కుదిరాకే వేగం తేల్చుకోవడం, ఆ తర్వాతే పేరూ వివరాలూ అడగడం.

పేరు అడిగేది యూఈఎఫ్‌ఐ, అంటే నేటి బయోస్. అందులో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేకపోతే డ్రైవ్ నుంచి బూట్ చేయలేం. ఇంటెల్ బోర్డుల్లో 2014 నాటి జెడ్97 తరానికి ముందువాటిలో ఈ చిక్కు ఎక్కువ. బయోస్ అప్‌డేట్ ఉంటే వేసుకోవాలి. సాటా జాబితాలో వెతికి లేదనుకునేవాళ్లూ ఉన్నారు, ఎన్‌వీఎంఈకి చాలా బోర్డుల్లో వేరే పేజీ ఉంటుంది. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్‌కు కనబడిన డ్రైవ్ విండోస్ ఇన్‌స్టాలర్‌కు కనబడకపోవడానికి వీఎండీ అనే అమరిక కారణం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఇంటెల్ డ్రైవర్ ఇస్తే కనబడుతుంది. ఇవేవీ కుదరకపోతే డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. తప్పు బోర్డుదా డ్రైవ్‌దా అనేది అక్కడే తేలిపోతుంది.

డ్రైవ్‌లో తప్పంటే అది చిప్‌ల అరుగుదలే కానక్కర్లేదు. కంట్రోలర్ తనంతట తానే ఒక చిన్న కంప్యూటర్. మెలకువ రాగానే తన ఫర్మ్‌వేర్‌ను, ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే ఆ పట్టికను ఫ్లాష్ నుంచి చదువుకోవాలి. వాటిలో ఏది చెడినా, మిగతా ఫ్లాష్ అంతా భద్రంగా ఉన్నా ప్రయోజనం ఉండదు. 2011లో ఇంటెల్ 320 డ్రైవ్‌లు కొన్ని కరెంటు హఠాత్తుగా పోయాక తమ సామర్థ్యం 8 మెగాబైట్లేనని చెప్పుకున్నాయి. 2019లో హెచ్‌పీఈ సర్వర్ల కోసం అమ్మిన కొన్ని డ్రైవ్‌లు సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయని ఆ సంస్థే ప్రకటించింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. 32,768 అంటే పదిహేను రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్య. ఒకే రోజు ఒకే సర్వర్‌లో పెట్టిన డ్రైవ్‌లు ఇంచుమించు ఒకేసారి ఆ గంటకు చేరతాయి కాబట్టి, ఒకటి పోతే ఇంకొకటి కాస్తుందన్న ఏర్పాటూ నిలవదు. ఆగిపోయాక డేటా తిరిగి రాదని, ముందే ఫర్మ్‌వేర్ మార్చుకోవాలని హెచ్‌పీఈ హెచ్చరించింది.

డ్రైవ్ కనబడుతోంది గానీ అందులో విభజన వివరాలేవీ దొరకకపోతే, విండోస్ "ఇనిషియలైజ్ చేయమంటారా" అని అడుగుతుంది. కొత్త ఖాళీ డ్రైవ్‌కైతే ఒప్పుకోవచ్చు. కుటుంబం ఫొటోలు, లెక్కల పుస్తకాలు ఉన్న పాత డ్రైవ్‌కైతే ఆ బటన్ నొక్కకుండా కంప్యూటర్ ఆపేసి, దాన్ని బయటకు తీసి డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించాలి.