ల్యాప్‌టాప్‌తో దీపం: ఎందుకు? ఎలా?

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను పెనుతుఫాను తాకింది. కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలి ఊళ్లు చీకట్లో మునిగాయి. ల్యాప్‌టాప్‌కు పరికరాలు కలిపే యూఎస్‌బీ మొదటి ప్రమాణం వెలువడిందీ ఆ ఏడాదే. ఇప్పుడు అమలాపురంలోనో రాజోలులోనో కరెంటు పోతే, ల్యాప్‌టాప్ బ్యాటరీలో మిగిలిన ఛార్జింగుతో, ఆ యూఎస్‌బీ ద్వారానే చిన్న దీపం వెలిగించుకోవచ్చు.

మామూలు యూఎస్‌బీ కేబుల్‌ను కోస్తే లోపల నాలుగు వైర్లుంటాయి. ఆకుపచ్చ, తెలుపు వైర్లు సమాచారానికి. మనకు ఎరుపు, నలుపు చాలు. చవక కేబుళ్లలో రంగులు మారవచ్చు, మల్టీమీటరుతో చూసుకోవడం మంచిది. ఆ రెండింటి మధ్య 5 వోల్టులుంటాయి. మన దీపమైన తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులే కావాలి.

మరి నేరుగా కలిపితే? ఎల్ఈడీ తనకు కావలసినంతే తీసుకుని ఆగదు. వోల్టేజి కాస్త పెరిగినా దానిలో కరెంటు అమాంతం పెరుగుతుంది, ఎల్ఈడీ మాడిపోతుంది. అందుకే పంటకాలువకు తూములా మధ్యలో రెసిస్టరు ఉండాలి. ఎంతది? ఈ లెక్క నాకు భలే ఇష్టం: మిగిలిన 2 వోల్టులను ఎల్ఈడీకి సరిపోయే 0.02 ఆంపియర్లతో భాగించండి, 100 ఓములు!

ఎరుపు వైరుకు రెసిస్టరు, రెసిస్టరుకు ఎల్ఈడీ పొడవు కాలు, పొట్టి కాలికి నలుపు వైరు. తిరగేస్తే వెలగదు, ఎందుకంటే ఎల్ఈడీ ఒక డయోడు, అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది. వెలుగు చాలకపోతే మూడు ఎల్ఈడీలు పెట్టండి, దేని రెసిస్టరు దానికే. మొత్తం 60 మిల్లీ ఆంపియర్లే; యూఎస్‌బీ 2.0 పోర్టు 500 దాకా ఇవ్వగలదు. అయితే ఎరుపు, నలుపు వైర్లు నేరుగా తాకితే పోర్టు పాడవచ్చు. అతుకులన్నిటికీ టేపు చుట్టి, పెద్దవాళ్లకు చూపించాకే గుచ్చండి.