ఆటగాని చేతికి పెత్తనము

అమెరికా దేశమునందు బేస్‌బాల్ అను ఆటకు గల ఆదరణ మన దేశమున క్రికెట్టునకు గల ఆదరణ వంటిది. కర్రతో బంతిని కొట్టుట, పరుగెత్తుట, బంతిని పట్టుట రెంటను కలవు. అయితే ఆ యాటలో మేనేజరు అను నొక యధికారి కలడు. మేనేజరనగానే మనము లెక్కలు చూచు కచేరీ యుద్యోగిని తలంచుకొందుము. ఇతడట్టివాడు కాడు. ఆటగాండ్రవలెనే జట్టు దుస్తులు ధరించి, మైదానపు టంచున కూర్చుండి, నేడు ఎవరాడవలెను, ఎవరి తరువాత ఎవరు కర్ర పట్టవలెను, బంతి విసరువాడు అలసినచో వాని నెప్పుడు మార్పవలెను అను సంగతులను నిర్ణయించువాడు. ఆటయందు ఇతని మాటయే మాట. ఈ పెత్తనము ఫ్రాంక్ రాబిన్సన్ అను గొప్ప ఆటగానికి ఎట్లు లభించెనో, లభించిన పిమ్మట ఎట్లు నడచెనో సోదరీమణులకు తెలుపదలచితిని.

రాబిన్సన్ 1935 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీని టెక్సాస్ రాష్ట్రమున బోమాంట్ పట్టణమునందు ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. తల్లి పేరు రూత్. ఆమె పదిమంది బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు. భర్తతో విడిపోయిన పిమ్మట ఆ తల్లి పసివాడగు ఇతనిని వెంటబెట్టుకొని కాలిఫోర్నియాకు పోయి, ఓక్లండ్ నగరమున పెంచి పెద్దవానిని చేసెను. 1953 లో సిన్సినాటి జట్టువారు ఇతనిని చేర్చుకొని, అభ్యాసార్థము ఊటా రాష్ట్రమందలి ఆగ్డెన్ అను నూరికి పంపిరి. అక్కడ సినిమా చూడబోగా, నల్లవారికి ప్రవేశము లేదని వెనుకకు పంపివేసిరి. అప్పటికి అతనికి ఇంకను పదునెనిమిదేండ్లు నిండలేదు.

1956 లో పెద్ద జట్టున ప్రవేశించిన మొదటి యేటనే 38 హోమ్ రన్‌లు కొట్టెను. బంతి మైదానపు గోడ దాటి పడునట్లు కొట్టుటను హోమ్ రన్ అందురు. 1961 లో నేషనల్ లీగున ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నుకొనబడెను. అయినను ముప్పదియేండ్లు వచ్చినవని, ఇక వయసు మళ్లెనని తలంచి, 1965 డిసెంబరులో సిన్సినాటివారు ఇతనిని బాల్టిమోర్ జట్టునకు మార్చివేసిరి. ఆ మరుసటి యేడు ఇతడు అమెరికన్ లీగున సగటునందును, హోమ్ రన్‌లయందును, జట్టునకు తెచ్చిపెట్టిన పరుగులయందును మూడింటను ప్రథముడై, జట్టును దేశములోకెల్ల విజేతగా నిలిపెను. రెండు లీగులలోను ఉత్తమ క్రీడాకారుడనిపించుకొన్నవారిలో ఇతడే మొదటివాడు.

ఇంతటివాని భార్య బార్బరా బాల్టిమోర్‌లో అద్దెయిల్లు వెదకుచు తిరుగగా, తెల్లవారుండు వీధులలో నల్లవారికి ఇల్లు ఇయ్యమనిరి. మైదానమున చప్పట్లు కొట్టినవారే పొరుగున ఉండనీయరైరి! తరువాతి కాలమున ఈమెయే ఇండ్లు అమ్మించు వృత్తిలో ప్రవేశించుట వినుటకు ముచ్చటగా నున్నది.

రాబిన్సన్ మనసు మేనేజరు పదవిమీద నుండెను. వేసవిలో ఆటగాడుగా ఆడుచు, 1968 మొదలుకొని శీతకాలములందు ప్యూర్టో రికో ద్వీపమునకు పోయి, సాంటుర్సే జట్టునకు మేనేజరై ఆ విద్య నేర్చుకొనెను. విశ్రాంతి దినములను ఇట్లు వెచ్చించిన గొప్ప ఆటగాండ్రు అరుదు.

కాని పదవి ఇచ్చువారేరి? 1947 లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున ఆడి, ఆ శతాబ్దమున పెద్ద జట్టులలో నల్లవారికి తలుపు తెరచెను. వీరిద్దరికి ఇంటిపేరొకటియే కాని బంధుత్వము లేదు. ఆనాటినుండి నల్లవారు కొట్టిరి, పరుగెత్తిరి, జట్టులను గెలిపించిరి. మేనేజరు పీఠమున మాత్రము ఒక్కనినైనను కూర్చుండబెట్టలేదు. ఇంటి చాకిరియంతయు కోడలిచేత చేయించుకొని, తాళపుచేతులు మాత్రము అత్తగారి నడుమున ఉంచుకొనుట మన యెరుగని సంగతి కాదు. 1972 అక్టోబరు 15 వ తేదీని సిన్సినాటిలో తనకు జరిగిన సన్మానమున జాకీ, నల్లవాడొకడు మేనేజరగుట చూచిననాడు తనకింకను సంతోషము కలుగునని సభాముఖమున చెప్పెను. తొమ్మిది దినములకు మరణించెను. చూడలేదు.

1974 అక్టోబరు 3 వ తేదీని క్లీవ్‌లండ్ జట్టువారు ఫ్రాంక్‌ను మేనేజరుగా ప్రకటించిరి. 1975 ఏప్రిల్ 8 వ తేదీని మొదటి యాట. చలిలో యాభైవేలకు మించి జనము వచ్చిరి. ఆట ప్రారంభసూచకముగా మొదటి బంతిని విసరినది జాకీ భార్య రేచల్. భర్త కోరి చూడజాలని దృశ్యమును ఆమె చూచెను. ఫ్రాంక్ ఇంకను ఆటగాడు కూడ నగుటచే తానే కర్ర పట్టి, ఆనాడు తన మొదటి వంతులోనే హోమ్ రన్ కొట్టెను. క్లీవ్‌లండ్ 5-3 గా గెలిచెను.

ఆ దినమువలె తక్కిన దినములు నడవలేదు. ప్రసిద్ధుడగు గేలార్డ్ పెర్రీతో పొసగక, ఆ యేటనే అతనిని వేరొక జట్టునకు పంపివేసిరి. 1977 జూనులో రాబిన్సన్‌నే తొలగించిరి. తనకు సులభమైన పని ఇతరులకు సులభము కాదని గ్రహించుట గొప్పవారికి కష్టమేమో! 1981 లో శాన్‌ఫ్రాన్సిస్కో పిలిచెను. 1988 లో బాల్టిమోర్ జట్టు వరుసగా ఆరాటలు ఓడగా మేనేజరును మార్చి ఇతని చేతికిచ్చిరి. ఇతని క్రింద మరి పదునైదు ఓడిరి! ఆ యేడు 54 విజయములతో ముగియగా, మరుసటి యేడు అదే జట్టును 87 విజయములకు తెచ్చి, లీగున ఉత్తమ మేనేజరని పేరొందెను. పిమ్మట మాంట్రియల్ జట్టును, అది వాషింగ్టన్‌కు తరలిన తరువాత అచ్చటను, 2002 నుండి 2006 వరకు నడపెను. మొత్తము 1065 విజయములు, 1176 అపజయములు. 2019 ఫిబ్రవరి 7 వ తేదీని మరణించెను.

ఆ కడపటి యేడు 2006 మే నెలలో జరిగినదొకటి చెప్పవలసియున్నది. వికెట్ కీపరువంటి క్యాచరు స్థానమున, మ్యాట్ లెక్రాయ్ అను నతనిని అవసరమునుబట్టి నిలిపిరి. ఎదుటి హ్యూస్టన్ జట్టువారు అతని కన్నుగప్పి ఏడుమార్లు ముందుకు పరుగెత్తిరి. అతడు రెండుమార్లు బంతిని తప్పుగా విసరెను. వంతు నడుమనే క్యాచరును దింపుట వానికి నలుగురిలో తలవంపు. రాబిన్సన్ దింపెను. జట్టు 8-5 గా గెలిచెను. ఆట ముగిసిన పిమ్మట పత్రికలవారితో మాటలాడుచు, కఠినుడని పేరుగన్న ఆ డెబ్బదియేండ్ల మనిషి కన్నీరు పెట్టుకొనెను. లెక్రాయ్ మాత్రము నిష్ఠురమాడలేదు. తన తండ్రియే మేనేజరై యున్నను అట్లే చేసియుండునని చెప్పెను.