తొట్టిలోని చెట్టునకు ఎట్టి మన్ను కావలెను?

జపాను దేశమున టోక్యో నగరమునకు ఉత్తరముగా, సైతామా రాష్ట్రములోని ఓమియాయందు ఒక చిత్రమైన గ్రామము కలదు. 1923లో సంభవించిన మహాభూకంపమునకు పిమ్మట టోక్యోలోని బోన్సాయి పెంపకందారులు కొందరు విశాలమైన తావును, మంచి నీటిని, మంచి మన్నును వెదకికొనుచు వచ్చి 1925లో దానిని నెలకొల్పిరి. వారు తమలో తాము చేసికొన్న కట్టుబాట్లు పంచాయతీ సభ్యులకు ఆసక్తి గొలుపును. ఆనాడు ఇచ్చట నివసింపగోరువారు పది బోన్సాయి చెట్లకు తక్కువ కాకుండ పెంచవలసియుండెను, వాకిలి ఎల్లరకును తెరచి యుంచవలసియుండెను, మేడ కట్టరాకుండెను, ప్రహరీగోడకు మారుగా పచ్చని కంచె వేయవలసియుండెను.

బోన్సాయి యనగా పళ్లెము వంటి లోతులేని తొట్టిలో మహావృక్షపు ఆకృతి వచ్చునట్లు పెంచు చిన్న చెట్టు. చూడవచ్చినవారు కొమ్మల వంపులను మెచ్చుకొందురే గాని, మూడు నాలుగంగుళముల మన్నులో ఆ చెట్టు పెక్కేండ్లు ఎట్లు బ్రతికినదని అడుగువారు అరుదు. అసలు రహస్యము ఆ మన్నులోనే యున్నది.

జపానువారు తొట్టిలో పొలపు మన్ను పోయరు. వారు వాడునది 'అకదమ'. ఎర్రని ఉండ యని దాని యర్థము. పూర్వము అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన బూడిద కాలక్రమమున మన్నుగా మారి నేలలో పొరగా నేర్పడినది. తోచిగీ రాష్ట్రములోని కనుమ పట్టణ పరిసరములలో దానిని త్రవ్వి, ఎండబెట్టి, జల్లించి, పలుకుల పరిమాణమును బట్టి వేరుచేసి సంచులకెత్తుదురు. అచ్చటనే దొరకు పసుపువన్నె తేలికరాతి పలుకులకు ఆ పట్టణపు పేరే వచ్చినది. (మన కనుమ పండుగతో దీనికి సంబంధమేమియు లేదు.) అకదమ పలుకు తనలో నీటిని దాచుకొనును, పలుకునకు పలుకునకు నడుమ గాలి నిలుచును. వేరునకు ఈ రెండును కావలెను.

పొలములో పంట పండించు మన్ను తొట్టిలో ఏల పనికిరాదు? పొలములో నీరు క్రిందిపొరలలోనికి దిగిపోవును. తొట్టిలో అడుగున దారి ముగియును. రంధ్రమున్నను, మెత్తని మన్ను తన సన్నని సందులలో నీటిని పట్టియుంచి విడువదు. ఈ తడిపొర యెత్తు మన్ను మెత్తదనమును బట్టి యుండును గాని తొట్టి లోతును బట్టి యుండదు. అందుచే లోతైన కుండలో పైభాగమైనను ఆరును; పళ్లెమువంటి తొట్టిలో అడుగునుండి పైవరకు బురదయే. దీనిని సభ్యులు స్వయముగా పరీక్షింపవచ్చును. దీర్ఘచతురస్రపు స్పాంజిని నీటముంచి అడ్డముగా పట్టుకొనుడు. నీరు కారుట ఆగిన పిమ్మట దానిని నిలువుగా త్రిప్పుడు. మరికొంత నీరు జారిపడును. మన్ను అడుగున గులకరాళ్లు పరచినచో నీరు దిగునని అనేకులు నమ్ముచున్నారు. అది పొరపాటు. తడిపొర ఆ రాళ్లపైకి జరుగును, అంతే.

ఒకప్పుడు నేను చెరువు ఒండ్రు సారవంతమని తలచి జువ్విచెట్టును అందులో నాటితిని. వానకాలమున ఆకులు వాడినవి. దాహమనుకొని మరింత నీరు పోసితిని. చెట్టు చచ్చిన పిదప పెకలించి చూడగా వేళ్లు నల్లబడి కుళ్లుకంపు కొట్టినవి. నీరు లేక వాడిన చెట్టును, నీరెక్కువై వాడిన చెట్టును పైకి ఒక్కరీతిగనే కనబడును.

అకదమ దిగుమతి సరకు, వెల హెచ్చు. మన యూళ్లలో దానికి బదులుగా బాగుగా కాలిన ఇటుకను పగులగొట్టి వాడవచ్చును. ఇటుకముక్కను రాత్రియంతయు నీట నానబెట్టి వ్రేళ్లతో నలుపుడు. బురదయైనచో అది పచ్చి ఇటుక, విడువుడు. సున్నము, సిమెంటు అంటుకొన్న పాత ఇటుకలు వలదు. సముద్రపు ఇసుకలో ఉప్పుండును, అదియు వలదు. ఇటుకపలుకులు రెండు పాళ్లు, గరుసు గాని ముతక ఏటియిసుక గాని ఒక పాలు, చివికిన ఆకుటెరువు అరపాలు కలిపి నేను వాడుచున్నాను. పలుకు ఆవగింజకు మించి కందిగింజకు మించకుండవలెను; అనగా సుమారు 2 మొదలు 6 మిల్లీమీటర్లు. అన్నిటికంటె ముఖ్యము జల్లెడపట్టుట. ధూళి మిగిలినచో పలుకుల సందులు పూడి, పడిన శ్రమయంతయు వ్యర్థమగును.

నాటునపుడు మిశ్రమము పొడిగా నుండవలెను. సన్నని పుల్లతో వేళ్ల నడుమకు దింపవలెనే గాని అదిమి త్రొక్కరాదు. రంధ్రము నుండి తేటనీరు వచ్చువరకు నీరు పోయవలెను. ఇట్టి మన్నున సారము తక్కువ; కావున వేసవిలో రెండుపూటల నీరు, పెరుగు కాలమున కొద్దికొద్దిగా వేపపిండి అవసరము. మర్రి, రావి, జువ్వి చెట్లకు రెండేండ్లకొకమారు మన్ను మార్చవలసియుండును.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో గ్రామపంచాయతీలకు నర్సరీల బాధ్యత ఏర్పడినది. నర్సరీ సంచులకు ఈ పలుకుమన్ను అక్కరలేదు, తగదు కూడ. నాటునప్పుడు వేళ్లను విడిచి రాలిపోవును. వానికి ఎర్రమన్ను, ఇసుక, చివికిన పశువుల ఎరువు చాలును. కాని నీటి ధర్మము అచ్చటను ఇదియే. నల్లరేగడి గాని ఒండ్రు గాని నింపిన సంచులలో మొక్కలు వాడుచున్నచో, నీరు పెంచుమని చెప్పుటకు ముందు ఒక్క సంచిని నిలువుగా కోయించి అడుగుమన్ను వాసన చూడుడు. కుళ్లుకంపు వచ్చినచో అడుగున రంధ్రములు పొడిపించి, రెండు దినములు నీరు ఆపవలెను.